కంటిపాప తెల్లగా మెరిస్తే...

పుట్టినరోజు ఫొటోలో ఫ్లాష్ పడి కొందరి కళ్లు ఎర్రగా కనిపించడం మామూలే. కేకు ముందు కూర్చున్న ఏడాదిన్నర బుజ్జాయికి మాత్రం ఒక కన్ను ఎర్రగా, రెండోది తెల్లగా... చీకట్లో పిల్లికన్నులా మెరుస్తుంటుంది. 'ఈ ఫొటో సరిగా రాలేదు' అని పక్కన పెట్టేస్తారు. పట్టించుకోవాల్సింది సరిగ్గా అప్పుడే!

తెల్లగా మెరిసిన ప్రతి కన్నూ ప్రమాదంలో ఉన్నట్టు కాదు. కెమెరా కోణం వల్ల, పుట్టుకతో వచ్చిన శుక్లం వల్ల కూడా అలా కనిపించవచ్చు. కానీ రెటినోబ్లాస్టోమా అనే కంటి క్యాన్సర్‌కి తరచూ మొదటి గుర్తు అదే. కొందరు పిల్లల్లో మెల్లకన్నుతోనో, కన్ను ఎర్రబడి వాయడంతోనో బయటపడుతుంది. ఎక్కువగా అయిదేళ్లలోపు వాళ్లకే వచ్చే ఈ కణితి కంటి లోపలి రెటీనా పొరలో పుడుతుంది. దాదాపు 16 నుంచి 18 వేల మంది శిశువుల్లో ఒకరికి వస్తుందని అంచనా. మన దేశంలో ఏటా సుమారు 1500 మంది పిల్లలు దీని బారిన పడుతున్నారు.

అమెరికాలోని బేలర్ యూనివర్సిటీలో రసాయనశాస్త్రం బోధించే బ్రయాన్ షా కొడుక్కి నాలుగు నెలల వయసులో ఈ జబ్బు బయటపడింది. పాత ఫొటోలు తిరగేస్తే, బాబు పుట్టిన పన్నెండో రోజు ఫొటోలోనే ఆ తెల్లని మెరుపు ఉంది! అప్పట్నుంచి ఆయన ఫొటోల్లో ఈ మెరుపును పసిగట్టే ఫోన్ యాప్ మీద పనిచేశారు. అది 2014లో వచ్చింది. 2019లో వెలువడిన పరిశోధన ప్రకారం, కంటి జబ్బులున్న పిల్లల్లో 80 శాతం మంది ఫొటోల్లో ఆ గుర్తు డాక్టర్లు జబ్బును కనిపెట్టడానికి సగటున 1.3 ఏళ్ల ముందే ఉంది. ఎన్ని యాప్‌లు వచ్చినా డాక్టర్ పరీక్షకు అవి ప్రత్యామ్నాయం కావు. టీకాకు వెళ్లినప్పుడు 'ఒకసారి కళ్లు కూడా చూడండి' అని అడిగితే, పిల్లల డాక్టర్ చిన్న పరికరంతో లైటు వేసి అనుమానం ఉందో లేదో చెప్పగలరు.

తల్లి తప్పు కాదు

అరుదైన జబ్బుతో వచ్చే పెద్ద చిక్కు ఒంటరితనం. షుగరో, ఆస్తమానో అయితే సలహా ఇచ్చేవాళ్లు వీధికి నలుగురు ఉంటారు. దీని పేరు మాత్రం చాలామంది వినను కూడా వినరు. తెలియనిచోట రకరకాల మాటలు పుడతాయి. గ్రహణం రోజు కడుపుతో ఉన్న తల్లి బయటికొచ్చిందంటారు. దిష్టి తగిలిందంటారు. ఆకుపసరు పోస్తే తగ్గుతుందనేవాళ్లూ ఉంటారు. ఈలోగా నెలలు గడిచిపోతాయి.

నిజానికి ఇది 13వ క్రోమోజోము మీదుండే ఆర్‌బీ1 అనే జన్యువు దెబ్బతినడం వల్ల వస్తుంది. 1971లో అమెరికన్ శాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ నడ్సన్ దీని మర్మం విప్పే సూత్రాన్ని చెప్పారు. 1986లో శాస్త్రవేత్తలు ఆ జన్యువును పట్టుకున్నారు. ఈ జబ్బు వచ్చిన పిల్లల్లో సుమారు 40 శాతం మందికి ఒంట్లోని కణాలన్నింటిలోనూ ఆ లోపం ఉంటుంది. వాళ్లలోనూ ఎక్కువమందికి అది తల్లిదండ్రుల నుంచి వచ్చింది కాదు, కొత్తగా ఏర్పడిందే. మిగతావాళ్లలో లోపం ఆ కంటి కణాలకే పరిమితం. తల్లి తిన్నదానికీ, చూసినదానికీ దీంతో సంబంధం లేదు.

ఒక బిడ్డకు వస్తే తోబుట్టువుల కళ్లూ పరీక్ష చేయించాలి. లోపం ఒళ్లంతా ఉన్నవాళ్లు పెద్దయ్యాక వారి పిల్లలకు అది సంక్రమించే అవకాశం సగానికి సగం. రక్త పరీక్షతో ఈ సంగతి ముందే తెలిస్తే, పుట్టబోయే బిడ్డను తొలిరోజుల నుంచే కనిపెట్టుకుని ఉండవచ్చు.

కన్నా... ప్రాణమా?

కణితి చిన్నగా ఉంటే లేజర్, గడ్డకట్టించే క్రయో చికిత్స, కీమోథెరపీలతో చాలావరకు కంటిని కాపాడుకోవచ్చు. బాగా పెరిగిపోతే కన్ను తీసేయాల్సిందే. ఆ మాట వినగానే అమ్మానాన్నల కాళ్ల కింద నేల కదిలిపోతుంది. 'ఇంకోచోట చూపిస్తాం' అంటూ బిడ్డను ఎత్తుకెళ్లిపోయేవాళ్లున్నారు. ఆడపిల్లయితే 'రేపు పెళ్లెలా?' అన్న బెంగ అదనం. కణితి మాత్రం ఆగదు. కంటి నరం వెంట మెదడు దాకా పాకుతుంది. సంపన్న దేశాల్లో ఈ జబ్బు వచ్చిన పిల్లల్లో 95 శాతానికి పైగా బతుకుతున్నారు. వైద్యం మన దగ్గరా ఉంది. ప్రాణాల మీదికి తెచ్చేది ఆలస్యమే.

ఆ సమయంలో పదిమంది డాక్టర్లు చెప్పినా ఎక్కని మాట, అదే దారిలో నడిచొచ్చిన ఒక అమ్మ చెబితే ఎక్కుతుంది. ఆడుకుంటున్న తన బిడ్డను చూపించి 'ఏది పెట్టుడు కన్నో చెప్పండి' అంటే చాలు, సగం భయం పోతుంది. ఆపరేషన్ అయిన ఆరు వారాలకు రెండో కంటి రంగుకు సరిపోయేలా కృత్రిమ కన్ను చేసి అమరుస్తారు. బిడ్డ పెరిగేకొద్దీ దాన్ని మారుస్తుంటారు. 'కొలంబో' టీవీ సీరియల్‌తో ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న హాలీవుడ్ నటుడు పీటర్ ఫాక్‌కి మూడేళ్ల వయసులో ఈ జబ్బుతోనే కన్ను తీసేశారు. ఆయన 83 ఏళ్లు బతికారు.

సాయం ఎక్కడుంది?

బ్రిటన్‌లో ఇలాంటి తల్లిదండ్రులే కలిసి 1987లో ఒక సంఘం పెట్టుకున్నారు. అదే ఇప్పటి చైల్డ్‌హుడ్ ఐ క్యాన్సర్ ట్రస్ట్. మన దగ్గరా తలుపు తడితే పలికేవాళ్లున్నారు. హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో కంటి క్యాన్సర్లకు ప్రత్యేక విభాగం ఉంది. బెంగళూరులోని ఇక్షా ఫౌండేషన్ ప్రత్యేకించి రెటినోబ్లాస్టోమా పిల్లల కోసమే పనిచేస్తోంది. 2004లో దిల్లీలో మొదలైన క్యాన్‌కిడ్స్ సంస్థ క్యాన్సర్ బారిన పడ్డ పిల్లల కుటుంబాలకు దేశమంతటా తోడుగా ఉంటోంది. వైద్యం కోసం నగరానికి వచ్చి ఎక్కడ ఉండాలో తెలియనివాళ్లకు సెయింట్ జూడ్ ఇండియా కేంద్రాలు ఉచితంగా బస ఇస్తాయి. హైదరాబాద్‌లోనూ ఆ కేంద్రం ఉంది.

ఖర్చు విషయంలో ఆసుపత్రిలోని ఆరోగ్యశ్రీ కౌంటర్‌లో (ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) ముందే కనుక్కోవాలి. చికిత్సకు వెళ్లొచ్చే క్యాన్సర్ రోగులకూ, తోడు వెళ్లేవారికీ రైల్వే రాయితీ ఉంది. దానికి కావాల్సిన ఫారం ఆసుపత్రిలో రాయించుకోవాలి. తిరగాల్సింది ఒకటి రెండుసార్లు కాదు. మొదట్లో కొన్ని వారాలకోసారి బిడ్డకు మత్తిచ్చి కళ్లు చూస్తారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి వెళ్లాల్సి ఉంటుంది. 'బాగానే ఉందిగా' అని మధ్యలో మానేయకూడదు.

బడికి వెళ్లాక...

ఒక కన్నుతో పెరిగే పిల్లలు చదువుల్లో ఎవరికీ తీసిపోరు. కాకపోతే దూరాలు అంచనా వేయడం, చూపులేని వైపు నుంచి వచ్చే బంతినో బండినో గమనించడం కొంచెం కష్టం. అందుకే తరగతిలో ఎక్కువమంది చూపున్న వైపు కనిపించేలా కూర్చోబెట్టమని టీచరును అడగాలి. ఉన్న ఒక్క కంటినీ కాపాడుకోవడానికి పగలని పాలీకార్బొనేట్ కళ్లద్దాలు పెట్టాలి. తోటిపిల్లలు వెక్కిరిస్తే ఏం చెప్పాలో ఇంట్లోనే నేర్పాలి. 'చిన్నప్పుడు జబ్బు చేసింది, డాక్టర్లు నయం చేశారు' అన్న ఒక్క మాట చాలు.

ఒక్క విషయంలో మాత్రం ఆశ పెట్టుకుని తిరిగితే నిరాశే. ఒక కన్ను పూర్తిగా పోయి రెండోది బాగుంటే ప్రభుత్వ లెక్కలో వైకల్యం 30 శాతమే. రిజర్వేషన్ వంటి ప్రయోజనాలకు కనీసం 40 శాతం ఉండాలి. రెండు కళ్లూ దెబ్బతిన్న పిల్లలకైతే సర్టిఫికెట్ తప్పకుండా తీసుకోవాలి.

ఈ దారిలో ముందు నడిచిన కుటుంబాలు చేయగలిగిన పని ఒకటుంది. మీ బిడ్డకు వైద్యం చేసిన డాక్టర్ దగ్గర మీ ఫోన్ నంబరు ఉంచి, 'ఎవరైనా భయపడుతుంటే మాతో మాట్లాడించండి' అని చెప్పండి. 'మావాడికీ ఇలాగే అయింది. ఇప్పుడు ఏడో తరగతి చదువుతున్నాడు' అన్న మీ మాటతో ఎక్కడో ఒక తండ్రి ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టే ధైర్యం తెచ్చుకుంటాడు.