సర్వర్‌లో ఏముందో చూశాకే ఇన్‌స్టాల్!

ఫ్రెషర్ల రెజ్యూమెల్లో ‘లైనక్స్’ అనే మాట చాలాచోట్ల కనిపిస్తుంది. మంచిదే. కానీ ఇంటర్వ్యూలో ‘ఒక సర్వర్ ఇచ్చాం, మన అప్లికేషన్ నడవాలి, ముందు ఏం చేస్తారు?’ అని అడిగితే చాలామంది చెప్పేది ఒకటే: ‘కావాల్సినవి ఇన్‌స్టాల్ చేస్తాను సార్’. నన్నడిగితే ఇన్‌స్టాల్ రెండో పని. అమ్మ కిరాణా చీటీ రాసేముందు డబ్బాల మూతలు తీసి చూడదూ? మీరూ ముందు అదే చేయాలి.

మొదట అది ఏ లైనక్సో చూడండి. ఈటీసీ ఫోల్డర్‌లో ఓఎస్ రిలీజ్ అనే ఫైల్ తెరిస్తే తెలిసిపోతుంది. ఉబుంటు, డెబియన్ అయితే ఆప్ట్ వాడాలి. రెడ్ హ్యాట్, రాకీ, ఆల్మా అయితే డీఎన్ఎఫ్. ప్యాకేజీల పేర్లు కూడా మారతాయి. అపాచీ వెబ్ సర్వర్‌ను ఉబుంటు ‘అపాచీ2’ అంటే, రెడ్ హ్యాట్ ‘హెచ్‌టీటీపీడీ’ అంటుంది. నెట్‌లో దొరికిన కమాండ్ పేస్ట్ చేస్తే ‘ప్యాకేజీ దొరకలేదు’ అని రావడానికి చాలాసార్లు కారణం ఇదే.

తర్వాత ఏవి ఉన్నాయో చూడాలి. డెబియన్ తరహాలో డీపీకేజీ పక్కన హైఫన్, చిన్న ఎల్ కొడితే జాబితా వస్తుంది. పేరు కనబడగానే ‘ఉంది’ అనుకోవద్దు. పక్కన ‘ఐఐ’ అని ఉంటేనే సరిగ్గా ఇన్‌స్టాల్ అయినట్టు. ‘ఆర్‌సీ’ అని ఉంటే ఎవరో తీసేశారు, సెట్టింగుల ఫైళ్లు మాత్రం మిగిలాయి. ఆప్ట్ పాలసీ అని ప్యాకేజీ పేరు ఇస్తే ఇప్పుడున్న వెర్షన్, రాబోయే వెర్షన్ రెండూ చూపిస్తుంది. అన్నట్టు, ఆప్ట్ అప్‌డేట్ కొడితే సాఫ్ట్‌వేర్ కొత్తదైపోదు. జాబితా మాత్రమే తాజా అవుతుంది.

ఇన్‌స్టాల్ కమాండ్‌కు హైఫన్ ఎస్ చేరిస్తే, ఏమీ మార్చకుండా ఏం జరగబోతుందో చెబుతుంది. అందులో ‘తొలగించబోయేవి’ అనే వరుస తప్పక చదవండి. నడుస్తున్న సర్వర్‌లో కొంప ముంచేది అదే.

ఇంత చాదస్తం ఎందుకంటారా? అమెరికా క్రెడిట్ సంస్థ ఈక్విఫాక్స్ సంగతి చూడండి. అపాచీ స్ట్రట్స్‌లో లోపానికి సవరణ 2017 మార్చిలోనే వచ్చింది. సంస్థ స్కాన్ కూడా చేసింది. కానీ పాత వెర్షన్ తమ దగ్గర ఎక్కడుందో దొరకలేదు. మే నెలలో దొంగలు చొరబడ్డారు. సుమారు 14.7 కోట్ల మంది వివరాలు పోయాయి. ఇలాంటి జావా లైబ్రరీలు సాధారణంగా అప్లికేషన్ ఫోల్డర్‌లోనే ఉంటాయి, డీపీకేజీ జాబితాలో కనబడవు. కాబట్టి అక్కడా వెతకాలి.

మా కారంచేడు నుంచి చీరాల, బాపట్ల వైపు కాలేజీలకు వెళ్లే తమ్ముళ్లు, చెల్లెళ్లు ‘అన్నా, దీనికి అమీర్‌పేట వెళ్లి కోర్సు చేయాలా?’ అని అడుగుతుంటారు. ఈ పనికైతే అక్కర్లేదు. ఆ ఫీజు, హాస్టల్ ఖర్చు ఇంట్లోనే ఉంచండి. విండోస్ ల్యాప్‌టాప్ ఉంటే అందులోనే డబ్ల్యూఎస్ఎల్‌తో ఉబుంటు ఉచితంగా వస్తుంది. ఒక ప్యాకేజీ పెట్టండి, తీసేయండి, ‘ఐఐ’ ‘ఆర్‌సీ’గా మారడం కళ్లారా చూడండి. తర్వాత పర్జ్ కొట్టి ఆ వరుస కూడా పోయిందో లేదో చూడండి. ఇంటర్వ్యూలో పై ప్రశ్న వస్తే, ‘డిస్ట్రో ఏది సార్?’ అని మీరే ఎదురు అడగండి.