శిశుపోషణము: గోధుమ పడని బిడ్డలు

చోడవరమునుండి యొక సోదరి మాకు జాబు వ్రాసినది. ఆమె కుమార్తెకు నాలుగవ యేడు. ఏడాది నిండువఱకు బొద్దుగా నుండిన బిడ్డ క్రమక్రమముగా చిక్కిపోయినదట. కాలుసేతులు పుల్లలైనవి, పొట్టమాత్రము ముందుకు వచ్చినది. దినమునకు నాలుగైదుమారులు దుర్గంధముతో విరేచనములు. ఊరక యేడ్చుట, అలుగుట. నులిపురుగులకు మందిచ్చిరి, దిష్టి తీసిరి, రక్తము పట్టుటకై యినుముగల మందు ఆఱునెలలు త్రావించిరి. బిడ్డకు తిండి పెట్టుట తెలియని తల్లి యని యింటివారి నింద. "అన్నము అరుగుట లేదేమో యని మూడుపూటలును గోధుమరొట్టె, బిస్కత్తులు, బొంబాయిరవ్వ యుప్మాయే పెట్టుచున్నాను. అయినను ఒంటబట్టదు. ఏమి చేయుదును?" అని యామె ప్రశ్న.

జాబు చూచి రోగమును నిర్ణయించుట మాకు తగదు. విరేచనములకు కారణములనేకములు గలవు. కాని యా చివరి మాటకడ మాకొక సందేహము తోచినది. ఆ తల్లి మందనుకొని పెట్టుచున్నదే బిడ్డకు విషమగుచున్నదేమో!

గోధుమపిండిని ముద్దగా కలిపి నీళ్లలో పిసికి కడిగినచో తెల్లని గంజి కొట్టుకొనిపోయి, సాగెడు జిగురొకటి చేత మిగులును. దానినే గ్లూటెన్ అందురు. బార్లీ యందును, రై యను ధాన్యమునందును దానివంటిదే కలదు. పుట్టుకతో నొక తత్త్వము గల కొందఱి శరీరము దీనిని శత్రువుగా నెంచి పోరాడును. ఆ పోరాటములో దెబ్బతినునది చిన్నప్రేవు. మఖమలుగుడ్డ మీది నూగువలె దాని లోపలి పొరపై నుండు సన్నని మొలకలు అరగిపోవును. తిన్న యన్నమునుండి సారమును పీల్చునవి యవియే గనుక, ఎంత పెట్టినను బిడ్డకు ఒంటబట్టదు. దీనికి సీలియాక్ వ్యాధి యని పేరు. కొందఱు పిల్లలకు విరేచనములే యుండవు. ఎత్తు పెరుగకుండుట, మందులకు లొంగని రక్తహీనత, ఆడపిల్లలు ఈడేరుట ఆలస్యమగుట, ఇవి మాత్రమే కనబడవచ్చును.

దీని కారణమును కనుగొన్న కథ యొకటి చెప్పవలెను. హాలండుదేశమున డిక్కె యను శిశువైద్యుడు 1930 తరువాతి యేండ్లలోనే కొందఱు బిడ్డలకు గోధుమ మాన్పించి చూచుచుండెను. 1944-45 చలికాలమున యుద్ధమువలన ఆ దేశమున ఘోరమైన కఱవు వచ్చి రొట్టె దుర్లభమయ్యెను. ఊరంతయు ఆకలితో నలమటించుచుండగా ఈ రోగముగల బిడ్డలు కోలుకొనిరి! రొట్టె తిరిగి దొరకగానే మరల జబ్బుపడిరి. ఆయన 1950లో దీనిని గ్రంథముగా ప్రకటించెను.

మన బియ్యపు సీమలో నిది యరుదు. 2016లో ప్రకటితమైన యొక పరిశోధనలో ఉత్తరహిందూస్థానమున నూటికొకరికిని, దక్షిణమున వేయింటికొకరికిని మాత్రమే కానవచ్చినది. విశేషమేమన, పుట్టుకతో వచ్చు ఆ తత్త్వము రెండుదిక్కుల వారిలోను దాదాపు సమానముగానే, మూడవవంతు మందికి కలదు. భేదము గోధుమ తినుటలో నున్నది. 2022లో విశాఖజిల్లానుండి విడివడి అనకాపల్లిజిల్లాలో చేరిన యీ చోడవరపు ప్రాంతమున పూర్వము బిడ్డలు చోళ్ల యంబలి, అన్నము, బెల్లము తిని పెరిగిరి. ఇప్పుడో, రాత్రి చపాతి, ఉదయము బ్రెడ్డు, బడికి బిస్కత్తు. అంగన్వాడీలలో నొసగు బాలామృతమునందును వేచిన గోధుమ కలదు. తక్కిన బిడ్డలకది మంచి యాహారమే, మానవలదు. వేడుకకై ఇంటిల్లిపాదియు గోధుమ మానుటయు వ్యర్థమే.

సోదరికి మేము చెప్పున దిది. అనుమానము కలుగగానే గోధుమ మాన్పింపరాదు. మాన్పించినచో రోగముండియు పరీక్షలో తేలకపోవును. గోధుమ తినుచుండగనే శిశువైద్యునికి చూపి, టిష్యూ ట్రాన్స్‌గ్లుటామినేజ్ అను రక్తపరీక్ష చేయింపుడు. అవసరమైనచో గొట్టముద్వారా ప్రేవుముక్కను తీసి చూతురు. గోధుమ తిన్న కొలదిసేపటికే దద్దురులు, ఆయాసము వచ్చునది వేఱు జబ్బు; దానికి వేఱు పరీక్షలు.

రోగమే యని తేలినచో మందు లేదు, పథ్యమే మందు, అదియు జన్మాంతము. కొంచెము తినిన నేమి యనువారు ప్రతియింట నుందురు. కొంచెమైనను చేటే. మైదా, సేమియా, బొంబాయిరవ్వ, బార్లీ చేరిన పాలపొడులు తెలిసినవే. తెలియనివి కొన్ని గలవు. అంగడి యింగువపొడిలో తఱచు గోధుమపిండి కలుపుదురు. పిండిమరలో గోధుమ విసరిన వెంటనే మీ చోళ్లు పోసినచో ఆ పిండి కలియును. ఇంట తిరుగలి యున్నచో దానిని బిడ్డకై ప్రత్యేకింపుడు. చపాతి యొత్తిన పీటపై బియ్యపురొట్టె తట్టరాదు. గ్లూటెన్ లేనిదని ముద్రించిన డబ్బాలో కిలోకు 20 మిల్లిగ్రాములకు మించి యుండరాదని మన ప్రభుత్వ నిబంధన; అది లేనిదే కొనవలదు.

అన్నిటికంటె కష్టము ప్రసాదము. సత్యనారాయణవ్రతమునాడు గోధుమనూక ప్రసాదమును వలదనుటకు ఏ కోడలికి నోరు వచ్చును? బిడ్డకు మాత్రము అరటిపండు నైవేద్యము చేసి ప్రసాదముగా బెట్టుడని పెద్దలను ముందే వేడుకొనుడు. చోడవరపు స్వయంభూ విఘ్నేశ్వరునికి మీరు చేయు నుండ్రాళ్లు, కుడుములు బియ్యపువే గనుక ఆ పండుగనాడు బిడ్డ కడుపార తినవచ్చును. ఇడ్లీ, దోసె, అటుకులు, పప్పులు, సామలు, కొఱ్ఱలు, పాలు, గ్రుడ్లు, సెనగపిండి వంటలు ఏవియు నిషిద్ధములు కావు. పంజాబుతల్లికి దుర్లభమైన యీ పథ్యము మనకు పుట్టింటి వంటయే.

పథ్యము సాగినచో కొన్ని వారములలో విరేచనములు కట్టును. ఎత్తు, బరువు పెరుగుటకు నెలలు పట్టును. ఇనుము, విటమినుల మందులు వైద్యుడు చెప్పునంతకాలము వాడవలెను. తోబుట్టువులలో పదిమందికొకరికి దాపుగా ఇదే వ్యాధి యుండవచ్చును గనుక, మీ చిన్నవానికిని, మీ దంపతులకును గూడ ఆ రక్తపరీక్ష చేయింపుడు.