రంగు మాత్రం మీ ఇష్టం!

ఇంట్లో కారు కొనాలన్న ఆలోచన పుట్టిన దగ్గర్నుంచి, అది గుమ్మం ముందు నిలబడి నిమ్మకాయలు తొక్కేదాకా, ఆడవాళ్ళని అడిగే ప్రశ్న ఒక్కటే: "ఏ రంగు తీసుకుందాం?" ఇంజను ఏదో, ధర ఎంతో, వాయిదాలు ఎన్నేళ్ళో అన్నీ మగవాళ్ళే మాట్లాడుకుంటారు. ఆఖర్న మనవైపు తిరిగి, ఏదో వరమిస్తున్నట్టు మొహం పెట్టి, "రంగు మాత్రం నీ ఇష్టం" అంటారు. మనమూ మురిసిపోయి, చీరల కొట్లో కూర్చున్నట్టు ఎరుపా నీలమా అని ఆలోచనలో పడతాం.

ఇది మన మధ్యతరగతి ఇళ్ళలో చోద్యం అనుకోకండి. రేపటి కార్లు ఎలా ఉండాలో ఊహించే మహా మహా కంపెనీల్లోనూ ఇదే తంతు. అక్కడా మన వంతుకి వచ్చేది రంగే. నా తగాదా అంతా అక్కడే.

కాన్సెప్ట్ కారు అన్న మాట వినే ఉంటారు. అమ్మడానికి చేసింది కాదది. "ఇదిగో, మేం ఇలాంటివి చెయ్యగలం సుమా" అని ప్రదర్శనలో దీపాల వెలుగులో నిలబెట్టేది. అమెరికాలో జనరల్ మోటార్స్ వారికి హార్లీ ఎర్ల్ అనే ఆయన 1938లో చేసిపెట్టిన బ్యూక్ వై-జాబ్ ఇలాంటివాటికి ఆదిపురుషుడని చెబుతారు. ఈ కార్లకి ఒక సుఖం ఉంది. ధర చెప్పనక్కర్లేదు. గతుకుల్లో నడవనక్కర్లేదు. పెళ్ళిచూపుల్లో చెప్పిన మాటల్లాగా, తర్వాత ఎవరూ నిలదీసి అడగరు. కాబట్టి చేసేవాడి మనసులో ఏముందో దాపరికం లేకుండా బయటపడేది ఇక్కడే.

2018 ఏప్రిల్లో బీజింగ్ కార్ల ప్రదర్శనలో మెర్సిడెస్ వారు మేబాక్ పేరు మీద అలాంటి కారొకటి నిలబెట్టారు. దాని పేరు "విజన్ మెర్సిడెస్-మేబాక్ అల్టిమేట్ లగ్జరీ". విలాసానికి ఇదే పరాకాష్ఠ అని వాళ్ళకి వాళ్ళే బిరుదు ఇచ్చేసుకున్నారన్నమాట. జాతి చూస్తే క్రాసోవర్. అంటే ఎత్తు జీపుది, ఒంపు సొంపులు సెడాన్‌వి. పొడవు అయిదు మీటర్లు దాటింది. చక్రాలు 24 అంగుళాలవి. పెట్రోలు లేదు, నాలుగు విద్యుత్ మోటార్లు. బలం 550 కిలోవాట్లు. వెనకద్దం మధ్యలో పాపిడి తీసినట్టు రెండుగా చీలి ఉంటుంది. ఒళ్ళంతా ఎరుపు. లోపల తెల్లటి తోలు, గులాబి బంగారు మెరుగులు. వెనక సీట్లు కాళ్ళు చాపుకు పడుకోవడానికి వీలుగా వాలతాయి. ఆ రెండు సీట్ల మధ్యా చేవదేరిన కర్రతో చేసిన ఏర్పాటు, అందులో వేడిగా ఉండే పళ్ళెం, పళ్ళెంలో టీ కెటిలూ, కప్పులూ!

టీకి నేను విరోధిని కాను. చైనావారి కోసం చేసిన కారు గనక, టీ అంటే వాళ్ళకి గౌరవం గనక, అందులో తప్పూ లేదు. కాని వంటింట్లో పుట్టి పెరిగిన బుర్ర గదా, ప్రశ్నలు ఊరుకోవు. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడు ఆ వేడి టీ ఎవరి ఒళ్ళో పడుతుంది? ఒకాయన కాళ్ళు చాపుకు పడుకుంటే ఆ కెటిల్ ఎత్తి పోసేది ఎవరు? తాగిన కప్పులు కడిగే చోటు ఎక్కడ? అంత బుర్ర బద్దలుకొట్టుకుని ఆలోచించినవాళ్ళకి ఆ చోటు తోచినట్టు లేదు. ఎంగిలి కప్పులు ఇంటికే వస్తాయన్నమాట. విలాసం అంటే ఇంతేనండీ. అనుభవించేవాడు కనిపిస్తాడు, సర్దేవాళ్ళు కనిపించరు.

ఆ కారు అలాగే రోడ్డెక్కలేదు లెండి. 2019 నవంబరులో చైనాలోనే గ్వాంగ్జౌలో మేబాక్ జి.ఎల్.ఎస్. 600 అనేది బయటికి వచ్చింది. 2021 జూన్లో మన దేశానికి దిగినప్పుడు దాని షోరూము ధర 2 కోట్ల 43 లక్షల రూపాయలు. టీ కెటిల్ ఏమైందంటారా? దాని బదులు, అదనంగా డబ్బు కడితే వెనక సీట్ల మధ్య షాంపేన్ సీసాలు పట్టే చిన్న ఫ్రిజ్జూ, వెండి పూత గ్లాసులూ ఇస్తారు.

ఒక్కటి మాత్రం మెచ్చుకుంటాను. తలుపు తియ్యగానే ఆ బండి కాస్త కిందికి దిగి, కడుపులోంచి ఒక మెట్టు బయటికి చాపుతుంది. ఒక చేత్తో కుచ్చిళ్ళు, ఇంకో చేత్తో తలుపు పట్టుకుని, మోకాళ్ళ నొప్పుల అత్తగారిని వెనకనుంచి తోస్తూ ఎత్తు బండి ఎక్కిన ప్రతి ఇల్లాలికీ ఆ మెట్టు విలువ తెలుసు. చూశారా, ఎక్కేవాళ్ళ అవస్థ గురించి ఒక్క నిమిషం ఆలోచిస్తే ఎంత మంచి పని చెయ్యగలరో!

అయితే ఆడవాళ్ళ గురించి ఆలోచించమంటే వాళ్ళకి మొట్టమొదట తట్టింది ఏమిటో తెలుసా? గులాబి రంగు! 1954లో అమెరికాలో క్రైస్లర్ వారు "లా కోంటెస్" అనే కాన్సెప్ట్ కారు చూపించారు. జమీందారిణి అని అర్థం. దాని స్ఫూర్తితో 1955లో "డాడ్జ్ లా ఫామ్" అని ఆడవాళ్ళ కారొకటి అమ్మకానికి పెట్టారు. గులాబి, తెలుపు రంగులు. సీటు వెనక అరలో అదే రంగు చేతి సంచి, అందులో లిప్‌స్టిక్ డబ్బా, పౌడరు డబ్బా, దువ్వెన. వానకోటు, గొడుగు కూడా. ఇంజను, స్టీరింగు, సీటు ఎత్తు మాత్రం మామూలువే. బొట్టుపెట్టె ఇచ్చి ఆస్తి మొత్తం రాసిచ్చినట్టు భుజాలు చరుచుకున్నారు. రెండేళ్ళు తిరక్కుండా ఆ కారు మూలపడింది. ఆడవాళ్ళు ఎగబడి కొనలేదు మరి!

సరిగ్గా అడిగితే ఏమవుతుందో కూడా ఒకసారి చూశాం. 2004 మార్చిలో జెనీవా ప్రదర్శనలో స్వీడన్‌కి చెందిన వోల్వో వారు వై.సి.సి. అనే కాన్సెప్ట్ కారు పెట్టారు. దాని రూపకల్పనలో ముఖ్య నిర్ణయాలన్నీ ఆడవాళ్ళవే. వాళ్ళేం చేశారంటే, గేరు కర్ర తీసుకెళ్ళి స్టీరింగు దగ్గర పెట్టి, ముందు సీట్ల మధ్య చేతి సంచికి చోటు చేశారు. వెనక సీట్లని సినిమా హాలు కుర్చీల్లా మడిచి, సామాన్ల సంచులకి జాగా తీశారు. సీటు గుడ్డలు విప్పి ఉతుక్కునేలా పెట్టారు. తలదిండు మధ్యలో జడకి సందు వదిలారు.

"జడకి సందేమిటి, సోకు కాకపోతే!" అని నవ్వినవాళ్ళుంటారు. కొప్పు పెట్టుకుని కారులో వెనక్కి ఆనుకుని చూడమనండి. కొప్పు తలని ముందుకు తోసేస్తుంది. వెనకనుంచి మరో బండి గుద్దినప్పుడు మెడ విరక్కుండా కాపాడవలసింది ఆ తలదిండే. తలకీ దానికీ మధ్య ఎడం పెరిగితే అది ఉన్నా లేనట్టే. అలాంటి దెబ్బల్లో మెడ గాయాలు మగవాళ్ళకన్నా ఆడవాళ్ళకే ఎక్కువ. ఇది సోకా, ప్రాణమా?

ఆ కారులో ఇంకో గొప్ప ఊహ ఉంది. కొనేటప్పుడే మనిషి ఒళ్ళు మొత్తం కొలిచి, ఆ కొలతలు తాళంచెవిలో దాచిపెడతారు. తాళం పెట్టగానే సీటూ, స్టీరింగూ, పెడళ్ళూ, సీటు బెల్టూ ఆ మనిషికి తగ్గట్టు సర్దుకుంటాయి. మనం కారుకి సరిపోవడం మాని, కారే మనకి సరిపోవడం! ఇంటిదగ్గర బానెట్టు తెరవనక్కర్లేకుండా చెయ్యడం ఒక్కటే నాకు నచ్చలేదు. తెరవడం మాకు చేతకాదనా? అయినా సరే, అల్టిమేట్ అన్న బిరుదు ఇవ్వాలంటే నేను ఆ కారుకే ఇస్తాను. అమ్మకానికి మాత్రం అది రానేలేదు. టీ కెటిల్ తర్వాత షాంపేను ఫ్రిజ్జు వచ్చింది గాని, తాళంచెవిలో మన కొలతలు రాలేదు.

కొలతల గురించి ఇంతగా ఎందుకు పట్టుబడుతున్నానో చెబుతాను. కార్లని గోడకి గుద్దించి పరీక్ష చేసేటప్పుడు లోపల మనిషి బదులు బొమ్మని కూర్చోబెడతారు. 1976 నుంచి వాడుకలో ఉన్న ప్రసిద్ధమైన బొమ్మ మగవాడు: ఎత్తు 175 సెంటీమీటర్లు, బరువు 78 కిలోలు. ఆడబొమ్మ ఒకటుంది గాని, అది దాదాపు 150 సెంటీమీటర్లు, 49 కిలోలు. చాలామట్టుకు మగబొమ్మనే కుదించి చేసినది. అమెరికాలో నక్షత్రాలిచ్చే ముందు గుద్దుడు పరీక్షలో దాన్ని కూర్చోబెట్టేది డ్రైవరు సీట్లో కాదు, పక్క సీట్లో! సగటు స్త్రీ కొలతలతో, 162 సెంటీమీటర్లు, 62 కిలోలతో ఒక బొమ్మని స్వీడన్‌లో ఆస్ట్రిడ్ లిండర్ అనే శాస్త్రవేత్త బృందం చూపించింది 2022లో. లిప్‌స్టిక్ డబ్బా ఇవ్వడానికి 1955 చాలింది, మన ఒళ్ళు కొలవడానికి 2022 దాకా ఆగాల్సివచ్చింది.

ఫలితం? వర్జీనియా విశ్వవిద్యాలయం వారు 2011లో లెక్క తేల్చారు. ఒకే రకం ప్రమాదంలో, బెల్టు పెట్టుకుని కూడా, ఆడ డ్రైవర్లకి తీవ్రమైన గాయాలయ్యే అవకాశం మగవాళ్ళకన్నా 47 శాతం ఎక్కువ. దీనికి ఎదురు చెప్పినవాళ్ళూ ఉన్నారు. 2021లో అమెరికా బీమా కంపెనీల రహదారి భద్రతా సంస్థ, ఈ తేడాలో చాలా భాగానికి కారణం శరీరం కాదు, మగవాళ్ళు బరువైన పెద్ద బండ్లూ, ఆడవాళ్ళు తేలికపాటి చిన్న బండ్లూ నడపడమే అన్నది. కాళ్ళ గాయాలు మాత్రం అప్పటికీ ఆడవాళ్ళకే ఎక్కువని వాళ్ళూ ఒప్పుకున్నారు. నేనంటాను, అదీ మన కథే కదా! పెద్ద కారు ఆయనకి, "నీకు బజారుకెళ్ళడానికి చాలుతుందిలే" అని చిన్నది ఆమెకి. ఎలా తిప్పి చూసినా దెబ్బ తగిలేది మాత్రం మనకే.

"రెండు కోట్ల కారు గొడవ మనకెందుకమ్మా?" అంటారేమో. ఎందుకంటే, నేడు గొప్పవాళ్ళ కారులో ఉన్నదే రేపు మన కారులోకి దిగుతుంది. డ్రైవరు ఎయిర్‌బ్యాగు మెర్సిడెస్ పెద్ద కారులోకి వచ్చింది 1981లో. మన దేశంలో ప్రతి కారుకీ అది ఉండి తీరాలన్నది 2019 జూలైలో. ఆ పక్క సీటుకి కూడా తప్పనిసరి చెయ్యడం మొదలైంది 2021 ఏప్రిల్లో. స్టీరింగు పట్టుకునేది ఎక్కువగా ఎవరు, ఆ పక్కన పిల్లని ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది ఎవరు? రెండేళ్ళ తేడా ఎవరికి పడిందో మీరే చూసుకోండి. పైవాడు విలాసం అంటే టీ కెటిల్ అనుకుంటే, మనకి దిగేది టీ కెటిలే. కొలతలు అనుకుంటే, కొలతలు దిగుతాయి.

చెయ్యాలనుకుంటే చెయ్యలేనిదేం కాదు. మోటారు సైకిలు వెనక చక్రాన్ని సగం దాకా కప్పి, వెనక కూర్చున్నవాళ్ళ బట్టలు అందులో చిక్కుకోకుండా చూడాలని మన 1989 మోటారు వాహనాల నిబంధనల్లోనే ఉంది. చీర కొంగు గురించి ఆలోచించి రాసిన నిబంధన అది. దాన్ని విలాసమని ఎవరూ అనలేదు.

ఈమధ్య ఒక షోరూములో "బెల్టు నా మెడకి రాసుకుంటోంది, పైన కొక్కెం కిందికి దించడానికి వీలుందా బాబూ?" అని అడిగాను. ఆ కుర్రాడు మావారి వైపు తిరిగి, "ఆరు రంగుల్లో ఉందండీ సార్" అన్నాడు! అడగని ప్రశ్నకి జవాబు సిద్ధంగా ఉంది, అడిగినదానికి లేదు. ఎందుకంటే, అడిగేవాళ్ళు లేరు.

కాబట్టి అడగండి. కారులో మీరే కూర్చుని చూడండి, చీరతో, కొప్పుతో, మీరు రోజూ ఎలా ఉంటారో అలాగే. బెల్టు మెడమీద కాకుండా భుజం మధ్యగా వస్తోందా? పెడళ్ళు అందేలా సీటు జరుపుకున్నాక కూడా గుండెకీ స్టీరింగుకీ మధ్య 25 సెంటీమీటర్ల ఎడం మిగులుతోందా? స్టీరింగు ముందుకీ వెనక్కీ జరుగుతుందా? తలదిండు తల పైభాగం దాకా లేస్తుందా? గర్భిణిగా ఉన్న అమ్మాయి కూర్చుంటే నడుం బెల్టు పొట్టమీద కాకుండా, పొట్ట కింద తుంటి ఎముకల మీదుగా సరిగ్గా వస్తోందా? అత్తగారు ఒకరి సాయం లేకుండా ఎక్కగలరా? జవాబులు వచ్చేదాకా కుర్చీలోంచి లేవకండి. వాళ్ళిచ్చే టీ తాగుతూనే అడగండి.

అన్నిటికీ జవాబు వచ్చాక, ఇంకా ఓపిక ఉంటే, రంగు సంగతి మగవాళ్ళని తేల్చుకోమనండి.