యూరో సంగతి ఎప్పుడు అడుగుతారు, సిప్రాస్ గారూ?

జులై 16, 2015

గ్రీస్ ప్రధాని అలెక్సిస్ సిప్రాస్ గారికి,

మంగళవారం రాత్రి టీవీలో మీరన్న మాట నాకింకా మింగుడు పడడం లేదు. మీకే నమ్మకం లేని అప్పు ఒప్పందం మీద సంతకం పెట్టానన్నారు. మర్నాడే దాన్ని పార్లమెంటుకు తెచ్చి, సొంత పార్టీవాళ్లు ముప్పై మందికి పైగా ఎదురు తిరిగినా ప్రతిపక్షాల ఓట్లతో గట్టెక్కించారు. సరే, అది మీ ఇంటి గొడవ. మరి జులై 5 ప్రజాభిప్రాయ సేకరణ మాటేమిటి?

ఆ ఆదివారం జనాన్ని మీరు అడిగిందేమిటి? జూన్ 25న యూరోగ్రూపు (యూరో దేశాల ఆర్థికమంత్రుల బృందం) ముందుకొచ్చిన, అప్పిచ్చినవాళ్ల రెండు షరతుల పత్రాలు సమ్మతమా కాదా అని. ఆ పత్రాల పేర్లు చదవడానికే ఊపిరి చాలదు. బ్యాలెట్‌లో 'కాదు' గడిని పైన, 'అవును'ను కింద అచ్చేయించిన తెలివి మాత్రం మెచ్చుకోవాల్సిందే. యూరప్ కేంద్ర బ్యాంకు అత్యవసర సాయం పెంచనని బిగించడంతో బ్యాంకులు మూతపడ్డ వారం అది. ఏటీఎంలో రోజుకు 60 యూరోలు. ఇరవై యూరోల నోట్లు అయిపోయినచోట యాభైతోనే సరి. కార్డుల్లేని పింఛనుదారులు 120 యూరోల కోసం బ్యాంకు గుమ్మాల దగ్గర తోసుకున్నారు. అలాంటి వారంలో కూడా 61 శాతం మంది 'కాదు' అన్నారు. ఎనిమిదో రోజు పొద్దుటికల్లా మీరు బ్రస్సెల్స్‌లో 17 గంటలు కూర్చుని, అంతకంటే కఠినమైన షరతులకు తలూపి వచ్చారు. 5,000 కోట్ల యూరోల ప్రభుత్వ ఆస్తులు ఒక నిధిలో వేసి అమ్ముకోవాలట. హోటల్ భోజనం మీద 23 శాతం పన్నట. ఇందుకా వాళ్లు ఓటేసింది?

అడగాల్సింది అసలు వేరే ఉంది. యూరోలో ఉందామా, పాత కరెన్సీ డ్రాక్మాకు తిరిగి పోదామా? ఆ ఊసే మీరు ఎత్తలేదు. పైగా 'కాదు' అంటే యూరో వద్దనడం కాదని చెప్పుకొచ్చారు. ఇక బేరానికి మీ చేతిలో ఏం మిగిలింది? కొనేవాడు పక్క కొట్టుకు పోలేడని తెలిశాక ఏ షావుకారు ధర తగ్గిస్తాడు? జర్మనీ ఆర్థికమంత్రి షాయిబ్లే ఐదేళ్లు యూరో బయట ఉండి రమ్మని కాగితం మీదే పెట్టించాడు. ఆయన నోట వచ్చిన మాట మీ నోట ఎందుకు రాలేదు?

డ్రాక్మా అయితే సుఖమని నేననను. చమురు, మందులు బయటి నుంచి తెచ్చుకునే దేశం పడిపోయిన కరెన్సీతో యూరోల అప్పు ఎలా తీరుస్తుంది? ఎక్కువమందికి యూరోయే కావాలని సర్వేలూ అంటున్నాయి. కానీ సంక్షోభం మొదలయ్యాక దేశాదాయంలో నాలుగో వంతు హరించుకుపోయింది. నలుగురిలో ఒకరికి పని లేదు. కరెన్సీ విలువ తగ్గించుకునే వీలు లేని దేశం జీతాలు, పింఛన్లు కోసుకుంటూ పోవాలి. ఎందాకా?

2001లో 340.75 డ్రాక్మాలకు ఒక యూరో లెక్కన యూరోలో చేరినప్పుడూ ఎవరూ జనాన్ని అడగలేదు. 2011లో అప్పటి ప్రధాని పాపాండ్రూ అడుగుతానన్నారు. అడిగితే యూరో సంగతే అడగాలని జర్మనీ నేత మెర్కెల్, ఫ్రాన్స్ నేత సార్కోజీ పట్టుబట్టారు, ఆయన వెనక్కి తగ్గారు. మీరలాంటివారు కాదనుకున్నాం.

ఇప్పుడిది మూడో బెయిలవుట్ అప్పు. యూరో మాట జనాన్ని ఎప్పటికైనా అడుగుతారా? లేక నాలుగోది కూడా చూడాలా?

జనవరి ఎన్నికల్లో మీరు గెలిస్తే సంతోషించిన
ఒక తెలుగు పాఠకుడు