అంగడి కాచిన అక్షరం

నేటి రుమేనియాలో కార్పాతియన్ పర్వతాలు విల్లులా వంగిన చోట, ట్రాన్సిల్వేనియా నుంచి దక్షిణాన వలాకియా మైదానానికి దిగే కనుమదారుల మొదట్లో వెలసిన బ్రషోవ్ నగరానికి ఆ నెలవే తొలి సంపద. 1211లో హంగరీ రాజు రెండవ ఆండ్రాస్ ఈ సరిహద్దును కాపాడే పనిని ట్యూటానిక్ యోధులకు, అంటే మతదీక్ష పూనిన జర్మన్ యోధుల సంఘానికి అప్పగించి, 1225లో వారిని వెళ్లగొట్టాడు. అయినా 'సాక్సన్లు' అనే పేరుతో స్థిరపడిన జర్మన్ కుటుంబాలు ఇక్కడే నిలిచి నగరాన్ని నిర్మించుకున్నాయి. పరాయి వర్తకులు తమ బట్టను పర్వతాల ఆవలికి తీసుకుపోకుండా బ్రషోవ్‌లోనే దించి అమ్మాలనే హక్కు 1369లో దక్కడంతో, పడమటి బట్టలూ తూర్పు మిరియాలూ ఒకే అంగట్లో చేతులు మారసాగాయి.

నగరపు కోటగోడను కాచింది రాజు సైన్యం కాదు, వృత్తిపనివారి శ్రేణులు. ఒక్కో శ్రేణి తన బురుజును తానే కట్టుకుని కాపాడుకొనేది. వాటిలో నేతగాళ్ల బురుజు నేటికీ చెక్క వసారాలతో సహా నిలిచి ఉంది. నాలుగు మూలలా చిన్న శిఖరాలున్న 1559 నాటి కేథరిన్ ద్వారం, మరణశిక్ష విధించే అధికారం ఈ నగరానికి ఉండేదని చాటుతుంది. 1689 అగ్నిప్రమాదంలో దెబ్బతిన్న 'నల్ల చర్చి' గోడల మీద, బాల్కనీల మీద వర్తకులూ శ్రేణులూ కానుకగా ఇచ్చిన అనటోలియా తివాచీలు వేలాడుతుంటాయి. వాటిలో నమాజు కోసం నేసినవీ ఉండటం, అవి లూథరన్ ప్రార్థనామందిరానికి అలంకారాలు కావడం, వర్తకం మతాల ఎల్లలను ఎంత సహజంగా దాటగలదో కళ్లకు కట్టే దృశ్యం.

అయితే సాహిత్య చరిత్రకు ఈ నగరం అందించిన అపురూపమైన కానుక ఒక చిన్న ఉత్తరం. 1521 జూన్ చివర్లో పర్వతాల ఆవలి కింపులుంగ్ పట్టణపు వర్తకుడు న్యాక్షు, బ్రషోవ్ నగరాధిపతి హాన్స్ బెంక్నర్‌కు, తురుష్క సుల్తాను సోఫియా విడిచి డాన్యూబ్ నది వెంట ఎగువకు సాగాడని హెచ్చరిక పంపాడు. మొదలూ చివరా ఉన్న మర్యాదవాక్యాలు నాటి రాతభాష అయిన స్లావోనిక్‌లో ఉన్నా, అసలు కబురు మాత్రం నోటి మాట అయిన రుమేనియన్‌లో, సిరిలిక్ లిపిలో సాగింది. 1894లో నగర పత్రాగారంలో బయటపడిన ఆ కాగితమే, తేదీ నిర్ధారణ అయిన రుమేనియన్ రాతల్లో నేటికి దొరికినంతలో అతి పాతది. ఆపద తరుముకొస్తున్నప్పుడు మనిషి తన భాషలోనే రాస్తాడు; వ్యాపారి గనుక లెక్క తప్పకుండా రాస్తాడు; నగరం గనుక దాన్ని దాచి ఉంచింది.

విషాదం ఏమిటంటే, ఆ భాష మాట్లాడేవారికే కోట లోపల ఇల్లు కొనుక్కునే హక్కు శతాబ్దాల పాటు లేదు. రుమేనియన్లు గోడ బయట, ష్కేయ్ అనే పేటలో ఉండేవారు. జర్మన్ పండితుడు హోంటెరుస్ 1539లో కోట లోపల ముద్రణాలయం నెలకొల్పిన తరువాత, మరో ఇరవై ఏళ్లకు పర్వతాల ఆవలి నుంచి వచ్చిన కొరేసి అనే డీకన్, అంటే సహాయక అర్చకుడు, 1561 నాటికి నాలుగు సువార్తలను రుమేనియన్‌లో అచ్చువేశాడు. అందుకు అండగా నిలిచిన నగరాధిపతిదీ బెంక్నర్ ఇంటిపేరే. లూథర్ బోధను చుట్టుపక్కల వ్యాపింపజేయాలనే కోరిక సాక్సన్లకు ఉండి ఉండవచ్చు. అయినా రుమేనియన్ల చర్చిలో స్లావోనిక్ తప్ప వినబడని కాలంలో ప్రజల మాటకు అచ్చు రూపం దక్కడం దానివల్ల చిన్నబోదు. కొరేసి అచ్చువేసిన భాషే తరువాతి రుమేనియన్ సాహిత్యభాషకు పునాదుల్లో ఒకటిగా నిలిచింది. ఆ భాషలోనే 1838లో ఇదే నగరం నుంచి జార్జ్ బరిట్సియు 'గజేటా దె ట్రాన్సిల్వేనియా' పత్రికను వెలువరించాడు.

ఇప్పుడు నగరం నడిబొడ్డున ఉన్న సభా చౌకు నుంచి పాత కోట హద్దు దాటి కొద్దిపాటి దూరం నడిస్తే ష్కేయ్‌లో సెయింట్ నికోలస్ చర్చి, దాని ప్రాంగణంలో తొలి రుమేనియన్ పాఠశాల ప్రదర్శనశాల కనిపిస్తాయి. కొరేసి పుస్తకాలు అక్కడే, ఒకనాడు గోడ బయట ఉంచిన ఆ పేటలోనే భద్రంగా ఉన్నాయి.