రోల్ మోడల్‌ని దగ్గర్లో వెతకండి

హెచ్‌ఆర్ రౌండ్‌కి వెళ్లేవాళ్లంతా ఒక ప్రశ్నకు జవాబు ముందే బట్టీ పట్టి వెళ్తారు. ‘మీ రోల్ మోడల్ ఎవరు?’ అబ్దుల్ కలాం అనో, రతన్ టాటా అనో, సత్య నాదెళ్ల అనో టక్కున చెప్పేస్తాం. ఎదురుగా ఉన్నాయన రెండో ప్రశ్న వేస్తాడు: ‘ఆయన్నుంచి మీరు నేర్చుకుని, మీ జీవితంలో వాడిన ఒక్క విషయం చెప్పండి.’ అక్కడే నోరు తడారిపోతుంది. హార్డ్‌వర్క్, డెడికేషన్, నెవర్ గివప్... ఈ మూడు మాటలు ఎవరి గురించైనా చెప్పొచ్చు. అందుకే అవి ఎవరి గురించీ ఏమీ చెప్పవు.

ఇందులో తప్పు కలాం గారిదీ కాదు, నాదెళ్ల గారిదీ కాదు. వాళ్లను అభిమానించడం మంచిదే. కానీ వాళ్లు పని చేస్తుండగా మనం ఎప్పుడూ చూడలేదు. మనకు తెలిసింది ఫలితం మాత్రమే. హైదరాబాద్‌లో చదువుకున్న కుర్రాడు 2014లో మైక్రోసాఫ్ట్ సీఈఓ అయ్యారని తెలుసు. మధ్యలో ఒక మామూలు మంగళవారం నాడు, కోడ్ పని చేయనప్పుడు ఆయన ఏం చేశారో తెలీదు. మీకు ఇప్పుడు కావాల్సింది ఆ మంగళవారం.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఉద్యోగం వెతుక్కుంటున్న ఈ రోజుల్లో మీకు ఎక్కువ పనికొచ్చే స్ఫూర్తి మీకు అందే దూరంలో ఉన్న మామూలు మనుషుల దగ్గరే ఉంది. అది సెంటిమెంట్ కోసం అంటున్న మాట కాదు. నేర్చుకోవడం అనేది అలాగే జరుగుతుంది.

మనలాంటి వాళ్లను చూస్తేనే నమ్మకం

‘ఈ పని నా వల్ల అవుతుంది’ అనే నమ్మకం ఎక్కడి నుంచి వస్తుంది? స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బండూరా 1977లో దీని మీద ఒక సిద్ధాంతం ప్రతిపాదించారు. నాలుగు దారులు చెప్పారు. స్వయంగా చేసి సాధించడం, ఇంకొకరు చేస్తుండగా చూడటం, ఇతరులు వెన్నుతట్టడం, ఆ సమయంలో మన శరీరం, మనసు ఉన్న స్థితి. ఈ రెండో దారిలో ఒక మెలిక ఉంది. మనం చూసే మనిషి మనకు ఎంత దగ్గరగా ఉంటే ఆ ప్రభావం అంత గట్టిగా ఉంటుంది. ‘వాడికీ నాకూ పెద్ద తేడా లేదు, వాడు చేశాడు’ అనిపించాలి. ఆకాశంలో ఉన్న మనిషిని చూస్తే చప్పట్లు కొడతాం. పక్క బెంచీ మనిషిని చూస్తే పుస్తకం తెరుస్తాం.

కలాం గారి విషయమే తీసుకోండి. తన జీవితాన్ని మలుపు తిప్పిన వ్యక్తిగా ఆయన పదే పదే చెప్పుకున్నది రామేశ్వరంలో తనకు పాఠం చెప్పిన శివసుబ్రహ్మణ్య అయ్యర్ గురించి. పక్షి ఎలా ఎగురుతుందో క్లాసులో చెప్పి, అర్థం కాలేదంటే పిల్లల్ని సముద్రం ఒడ్డుకు తీసుకెళ్లి ఎగిరే పక్షుల్ని చూపించిన ఊరి బడిపంతులు ఆయన. మనం కలాం ఫొటో గోడకు తగిలించుకుంటాం. కలాం గారు మాత్రం తన బడిపంతుల్ని గుర్తుపెట్టుకున్నారు.

అమ్మ భుజం నొప్పి నుంచి యంత్రం దాకా

మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ చింతకింది మల్లేశం గారిది. యాదాద్రి భువనగిరి జిల్లా ఆలేరు దగ్గర శారాజీపేట ఆయన ఊరు. ఆరో తరగతితోనే చదువు ఆగిపోయింది. పోచంపల్లి చీర నేయడానికి ముందు ‘ఆసు’ పోయాలి. అంటే అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ దారాన్ని చేత్తో తిప్పాలి. ఒక్క చీరకు సుమారు 9 వేల సార్లు చేయి అటూ ఇటూ ఆడాలి, నాలుగైదు గంటలు పడుతుంది. ఆ పని చేసింది వాళ్లమ్మ లక్ష్మి గారు. రోజుకు రెండు చీరలంటే 18 వేల సార్లు. భుజాలు, మోచేతులు ఎంత నొప్పి పెడతాయో ఊహించుకోండి.

మల్లేశం గారు 1992లో ఆసు యంత్రం మీద పని మొదలుపెట్టారు. 1999లో పూర్తయింది. ఆ యంత్రానికి అమ్మ పేరే పెట్టి ‘లక్ష్మీ ఆసు యంత్రం’ అన్నారు. నాలుగైదు గంటల పని సుమారు గంటన్నరకు తగ్గింది. 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో ఆయన కథ సినిమాగా వచ్చింది.

ఈ కథ చాలామందికి తెలిసిందే. అయితే మనం దాన్ని ‘పట్టుదల ఉంటే ఏదైనా సాధ్యం’ అన్న ఒక్క ముక్కకు కుదించేశాం. ఇంజినీరింగ్ చదివినవాళ్లు దాన్ని ఇంకోలా చదవాలి. ఆయన పెద్ద సమస్యను చిన్న చిన్న కదలికలుగా విడగొట్టారు. ఒక్కో కదలికకు ఒక్కో పరిష్కారం కట్టుకుంటూ పోయారు. డబ్బు అయిపోతే హైదరాబాద్ వచ్చి పని చేసుకుంటూ యంత్రం సంగతి మర్చిపోకుండా ఉన్నారు. చివరి చిక్కు బాలానగర్‌లో వేరే యంత్రం కదలిక చూసినప్పుడు విడిపోయింది. దీన్నే మనం క్లాసులో డికంపోజిషన్, ప్రోటోటైపింగ్, ఇటరేషన్ అని పరీక్ష కోసం రాసి వచ్చాం.

ఇంకో సంగతి గమనించండి. ఆయన్ని కదిలించింది ఎడిసన్ జీవిత చరిత్ర కాదు, ఇంట్లో అమ్మ భుజం నొప్పి. ఆమె పనిని రోజూ దగ్గర నుంచి చూశారు కాబట్టే ఏ కదలిక దగ్గర యంత్రం కావాలో తెలిసింది.

మామూలు మనుషుల దగ్గర విద్య ఉంటుందని నమ్మి కాళ్లరిగేలా తిరిగినవాళ్లూ ఉన్నారు. ఐఐఎం అహ్మదాబాద్‌లో ప్రొఫెసర్‌గా పనిచేసిన అనిల్ గుప్తా 1998 నుంచి ‘శోధయాత్ర’ పేరుతో ఊళ్ల వెంట నడిచి రైతుల దగ్గర, చేతివృత్తుల వాళ్ల దగ్గర నేర్చుకుంటున్నారు. మన తెలుగు నేల మీద ‘పల్లె సృజన’ సంస్థ అదే పని చేస్తోంది. ఐఐఎం ప్రొఫెసర్ ఊరికి నడిచి వెళ్లి నేర్చుకోగా లేనిది, మనం హాస్టల్ గేటు దాటి నేర్చుకోలేమా?

కష్టాన్ని రీల్ చేయకండి

ఇక్కడ ఒక అభ్యంతరం ఉంది, అది న్యాయమైనదే. ‘మామూలు మనుషుల స్ఫూర్తి’ పేరుతో రోజూ ఎన్ని రీల్స్ వస్తున్నాయో చూస్తున్నాం. ఆయన వీధి దీపం కింద చదివాడు, నీకేం తక్కువ? ఆవిడ కూలికి వెళ్తూ పాసైంది, నీకేం రోగం? ఇలాంటివి చూశాక వచ్చేది సిగ్గు మాత్రమే. ఒకరి పేదరికాన్ని మన నిద్రమత్తు వదిలించే కాఫీలా వాడుకోవడం నాకు నచ్చదు. మల్లేశం గారికి ఏడేళ్లు పట్టిందంటే, ఏడేళ్ల పాటు ఆయనకు సరైన సాయం అందలేదని కూడా అర్థం. ఆ కష్టం ఉండకూడనిది. కాబట్టి కష్టాన్ని పూజించకండి, పని తీరును నేర్చుకోండి.

ఇంకోటి. స్ఫూర్తి వల్ల ఖాళీలు పుట్టవు. నోటిఫికేషన్ రాకపోయినా, కంపెనీ ఫ్రెషర్లను తీసుకోకపోయినా అది మీ సంకల్పం లోపం కాదు. కానీ డిగ్రీ చేతికొచ్చాక ఆఫర్ లెటర్ వచ్చేలోపు నెలలు ఉంటాయి. ఆ నెలల్లో రోజు ఎలా గడుస్తుందన్నది కొంతవరకు మీ చేతుల్లో ఉంటుంది. ఎవరిని చూస్తున్నారన్నది అక్కడ తేడా తెస్తుంది.

ఎవర్ని చూడాలి? ఏం అడగాలి?

మొదట, మీకంటే ఒక్క మెట్టు పైన ఉన్నవాళ్లు. పోయినేడాది ఉద్యోగం తెచ్చుకున్న సీనియర్ అన్నుకోండి. ఫోన్ చేయగానే ‘అన్నా, రిఫరల్ ఇస్తారా?’ అనకండి. ఎన్ని చోట్ల అప్లై చేశారు, ఏ రౌండ్‌లో ఎక్కువసార్లు పోయింది, ఆ తర్వాత ఏం మార్చుకున్నారు అని అడగండి. పది మోటివేషన్ వీడియోల్లో దొరకనిది పది నిమిషాల్లో దొరుకుతుంది.

రెండోది, రోజూ ఒకే పనిని చక్కగా చేసే మనుషులు. అమీర్‌పేటలో ఉంటే పొద్దున ఎనిమిదింటికి రద్దీగా ఉన్న టిఫిన్ సెంటర్ దగ్గర కాసేపు నిలబడండి. పెనం మీద ఎనిమిది దోసెలు, ఎదురుగా పదిమంది, ఒకరికి ఉల్లి వద్దు, ఒకరికి కారం ఎక్కువ. మాస్టర్ ఏది ముందు వేస్తున్నాడు, ఏది చేతికి అందేలా పెట్టుకున్నాడు, తప్పు ఆర్డర్ వెళ్తే ఏం చేస్తున్నాడు చూడండి. ప్రెషర్‌లో పని చేయగలరా అని ఇంటర్వ్యూలో అడిగేది దీని గురించే.

మూడోది, ఇంట్లో వాళ్లు. నెల జీతం అందగానే దేనికి ఎంత అని అమ్మ లెక్క ఎలా వేస్తుందో ఎప్పుడైనా పక్కన కూర్చుని చూశారా?

వీళ్లలో ఎవర్నీ ‘మీ విజయ రహస్యం ఏంటి?’ అని అడగకండి, నవ్వేస్తారు. ‘ఈ పనిలో నేర్చుకోవడానికి మీకు అన్నిటికంటే కష్టమైంది ఏది?’ అని అడగండి. మనిషి ఒక్క క్షణం ఆగి, నిజం చెప్తాడు. విన్నది నోట్‌బుక్‌లో రెండు లైన్లు రాసుకోండి. వారంలో మీ పనిలో ఒక్కచోటైనా వాడి చూడండి. పని చేయకపోతే అదీ రాయండి.

అప్పుడు హెచ్‌ఆర్ రెండో ప్రశ్న వేసినా భయం ఉండదు. మా వీధి టైలరక్క గుడ్డ కత్తిరించే ముందు రెండుసార్లు కొలుస్తుంది, అది చూశాక నేను కోడ్ సబ్మిట్ చేసే ముందు ఇన్‌పుట్‌లన్నీ ఇంకోసారి సరిచూడటం మొదలుపెట్టాను అని చెప్పగలరు. ఇది చిన్న జవాబే కావచ్చు. కానీ మీరు చూసింది, మీరు చేసింది. ఎదుటివాళ్లు తర్వాత ఏం అడిగినా మీ దగ్గర చెప్పడానికి ఇంకా ఉంటుంది.

ఈ వారం ఒక్కరిని ఎంచుకోండి. ఒక్క ప్రశ్న అడగండి. వచ్చేటప్పుడు థ్యాంక్స్ చెప్పడం మాత్రం మర్చిపోకండి. వాళ్ల పనిలో నేర్చుకోవాల్సింది ఉందని బహుశా ఎవరూ వాళ్లతో ఇంతవరకూ అని ఉండరు.