ఇర్రికి ఎన్నేళ్లు?

మా దర్శి వైపు కోడెను కొనబోయే రైతు ముందుగా మూపురం చూడడు. మూతి పట్టుకుని, కింది పెదవి దించి పళ్లు చూస్తాడు. పాలపళ్లా, రెండు పళ్లా, నాలుగా, ఆరా అన్నది తేలితే సగం బేరం తేలినట్టే. పశువుకు ముందుపళ్లు పైదవడన ఉండవు. కింది దవడకే ఎనిమిది. రెండేళ్లు దాటాక నడిమి జత పాలపళ్లు ఊడి, వాటి చోట వెడల్పాటి పళ్లు వస్తాయి. ఆపైన ఒక్కొక్క జతే మారుతూ, అయిదేళ్లు వచ్చేసరికి ఎనిమిదీ పూర్తవుతాయి. ఒంగోలు గిత్తల బండలాగుడు పోటీలలో విభాగాలు చేసేది కూడా ఈ పళ్ల లెక్కతోనే. పాలపళ్ల గిత్తను ఆరు పళ్ల గిత్తతో పోటీకి నిలపడం అన్యాయమని చూడవచ్చిన పిల్లవాడికి సైతం తెలుసు.

అయితే ఇంత చక్కని విద్య అడవి జంతువు దగ్గర చెల్లదు. కారణం, అది నోరు పట్టనివ్వదు. దూరాన బీడులో నిలబడి, మనను చూసి చెవులు రిక్కించి, మరుక్షణాన నాలుగు దూకుల్లో మాయమయ్యే పడుచు జింకకు ఎన్నేళ్లని చెప్పడం? కొమ్ముకు ఎన్ని కొనలుంటే అన్నేళ్లని కొందరంటారు. ఎన్ని మెలికలుంటే అన్నేళ్లని మరికొందరంటారు. రెండు మాటల్లోనూ కొంత నిజమున్నది గాని, ఆ నిజం రెండు మూడేళ్లతో సరి.

ముందు పేర్ల సంగతి చూద్దాం. ఇవాళ మనం అన్నిటినీ కలిపి జింకలంటున్నాం. మన పెద్దలు అలా అనలేదు. ఇర్రి అంటే మగజింక, లేడి అంటే ఆడది. దుప్పి వేరు, కణితి వేరు. ఈ భేదం మాటల ముచ్చట కాదు. కొమ్ము స్వభావమే వేరు.

దర్శి నుంచి పడమరగా పొదిలి, మార్కాపురం మీదుగా దోర్నాల చేరితే నల్లమల ఎదురవుతుంది. అక్కడ తిరిగే చుక్కల దుప్పి కొమ్ము అచ్చంగా ఎముక. అది రాలిపోతుంది, మళ్లీ మొలుస్తుంది. పెరుగుతున్నన్నాళ్లూ మఖమలు వంటి మెత్తని తోలు దానిని కప్పి ఉంటుంది. గట్టిపడ్డాక దుప్పి చెట్లకు రాచి ఆ తోలు వదిలించుకుంటుంది. పడుచు దుప్పికి తొలిసారి వచ్చేవి రెండు ఒంటి ములుకులు మాత్రమే. ఎదిగిన దుప్పికి ఒక్కొక్క కొమ్ముకు మామూలుగా మూడు కొనలుంటాయి. ఆ తరువాత అయిదేళ్లదానికీ మూడే, ఎనిమిదేళ్లదానికీ మూడే! మేత బాగున్న ఏడు కొమ్ము బలిసి వస్తుంది. కరువు ఏడు సన్నగిల్లుతుంది. ముసలితనాన మళ్లీ తగ్గుతుంది. అంచేత దుప్పి కొమ్ము చెప్పేది దాని వయసు కాదు, అది తిన్న తిండి.

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువైన కృష్ణజింక కథ వేరు. దాని కొమ్ము ఎద్దు కొమ్ము వంటిదే. రాలదు, చీలదు, మెలికలు తిరుగుతూ పెరుగుతుంది. ఏడాది లోపు పిల్లకు కొమ్ము నిటారుగా ఉంటుంది. రెండో ఏట మెలిక పడుతుంది. మూడో ఏడు దాటేసరికి మెలికలు రెండు, మూడు అవుతాయి. ఒంటిరంగూ అంతే. పుట్టినప్పుడు తల్లిలాగే గోధుమ వన్నె. మూడో ఏటి నుంచి వీపు నల్లబడడం మొదలవుతుంది. కాని ఆ నలుపు జత కట్టే కాలంలో చిక్కబడి, తరువాత వెలిసిపోతుంది. దక్షిణాదిన చాలా ఇర్రులు ముదురు గోధుమరంగు దగ్గరే ఆగిపోతాయి. కాబట్టి మూడేళ్లవరకూ మన అంచనా నిలుస్తుంది. ఆపైన "పెద్దది" అనడమే మర్యాద.

అమెరికాలో తెల్లతోక జింకల వయసు తేల్చడానికి సెవరింగ్‌హాస్ అనే ఆయన 1949లో ఒక పద్ధతి ప్రకటించాడు. మన రైతు విద్యే అది. కాకపోతే ముందుపళ్లు వదిలి దవడపళ్లు చూస్తారు. పిల్లజింకకు మూడో దవడపన్ను మూడు భాగాలుగా ఉంటుంది. ఏడాదిన్నర ప్రాయాన అది ఊడి రెండు భాగాల పన్ను వస్తుంది. ఆపైన అరుగుదలను బట్టి లెక్క. పంటి వేరును పలచగా కోసి, చెట్టుమానులో వలయాలను లెక్కపెట్టినట్టు లెక్కపెట్టే పద్ధతి కూడా తరువాత వచ్చింది. అయితే ఇదంతా చాలామట్టుకు చచ్చిన జింక జాతకం. బతికి ఉన్నదాని వయసు నిక్కంగా తెలిసేది, చిరిగిన చెవినో, ఒంటిమీది మచ్చనో గుర్తుపెట్టుకుని ఏటేటా దానిని చూస్తూ వచ్చినవాడికే.

చూస్తూ రావడమంటే తెచ్చి ఇంట కట్టుకోవడం కాదు. నేను చెప్పదలచుకున్న అసలు సంగతి ఇదే. కృష్ణజింక దట్టమైన అడవిలో ఉండదు. బీడుల్లో, చేల అంచున బతుకుతుంది. బట్టమేక పిట్ట కోసం 1988లో ఏర్పడిన రోళ్లపాడు అభయారణ్యంలో కృష్ణజింకలు పెరిగి చుట్టుపక్కల పైర్లు మేశాయి. రైతు కష్టం అబద్ధం కాదు. అలాంటి చోట్ల గడ్డిలో ముడుచుకున్న పిల్ల కంటబడితే తల్లి వదిలేసిందని జాలిపడి ఎత్తుకొస్తారు. తల్లి వదిలెయ్యలేదు. ఈనిన తరువాత రెండు వారాలపాటు పిల్లను అలా దాచి, దూరాన మేస్తూ, పాలివ్వడానికి వచ్చిపోతుంది. మనం ఎత్తుకురావడంతోనే అది తల్లి లేనిదవుతుంది.

తెలుగు పాఠం చెప్పుకునే నాకు ఇక్కడ జడభరతుడు గుర్తుకు రాక తప్పదు. గంగన తెనిగించిన భాగవత పంచమస్కంధంలో ఆ కథ ఉంది. రాజ్యం వదిలి వచ్చినవాడు ఒక లేడిపిల్లను వదలలేకపోయాడు. దాని పెరుగుదల చూసుకుంటూ తపస్సు మరిచాడు. మరుజన్మలో తానే జింక అయ్యాడు. ఆయన తెచ్చిన పిల్లకు తల్లి నిజంగానే చనిపోయింది. మన పిల్లకు అలా కాదు.

పైగా సీసాపాలతో పెరిగిన మగపిల్లకు మనిషి భయం పోతుంది. వయసు వచ్చాక యజమానినే పోటీ ఇర్రి అనుకుని కొమ్ములు దించి మీదికి వస్తుంది. అప్పటికది అడవికీ కొరగాదు, పెరటికీ కొరగాదు, మిగిలేది బోను. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో కృష్ణజింక మొదటి షెడ్యూలులో ఉన్నది. పట్టడం, పెంచడం, చంపడం మూడూ నేరాలే.

కనుక ఈసారి గట్టు పక్కన జింకపిల్ల కనబడితే, పిల్లలకు దూరంనుంచే చూపించి ఇవతలికి రండి. కుక్కలు తరుముతుంటేనో, గాయపడి ఉంటేనో అటవీశాఖవారికి కబురు చెయ్యండి. క్షేమంగా ఉంటే వచ్చే ఏడు అదే బీడులో నిటారు కొమ్ములతో, ఆ పై ఏడు మెలికతో కనబడవచ్చు. కోడె వయసు నోరు పట్టుకుంటే తెలుస్తుంది. ఇర్రి వయసు చేతులు కట్టుకుని నిలబడితేనే తెలుస్తుంది.